మొక్కు నడక, వెట్టి నడక: మాడుగులపల్లి రోడ్డు మీద దళిత చరిత్ర

మన దేశంలో కులం గురించి రాసిన వాళ్ళు తిండి గురించి రాసిండ్రు, పెండ్లి గురించి రాసిండ్రు, బావి గురించి, గుడి గురించి రాసిండ్రు. నడక గురించి రాసింది తక్కువ. నిజానికి కులం మనిషి ఒంటి మీద మొదట పడేది నడక మీదనే. ఏ బాటన నడవాలె, ఎవరి ఎదురుంగ నడవకూడదు, చెప్పులు తొడుక్కొని నడవాలెనా చేత పట్టుకొని నడవాలెనా, బండికి ముందు ఉరకాలెనా ఎనక ఉరకాలెనా అనేవన్నీ ఎన్కట రాసిపెట్టని చట్టాలు. అందుకే తీర్థయాత్రను కూడా మనం భక్తిగా మాత్రమే చూస్తే సరిపోదు. యాత్రలో నడిచే మనిషి తాత ముత్తాతలు అదే బాట మీద ఏ పని మీద నడిచిండ్రో అడగాలె.

ఈ ప్రశ్న అడగడానికి మాడుగులపల్లి మంచి తావు. నల్లగొండ నుంచి మిర్యాలగూడకు పోయే తొవ్వలో ఉన్న ఈ ఊరు 2016లో మండల కేంద్రం అయింది. ఊరి మీదుగా పోయేది నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు. ఇప్పుడది నాలుగు వరసల రోడ్డు, ఊరి కాడ టోల్‌గేటు కట్టారు. ఉత్తరానికి పోతే తిప్పర్తి, పానగల్లు, ఆ తర్వాత చెర్వుగట్టు. దక్షిణానికి పోతే వేములపల్లి, మిర్యాలగూడ, దామరచర్ల, కృష్ణ ఒడ్డున వాడపల్లి. కృష్ణ దాటితే పల్నాడు. ఉత్తర కొసన జడల రామలింగేశ్వరుడున్నడు. దక్షిణం దిక్కు చాపకూడు కథ ఉన్నది. నడుమ మన వాడలున్నయి.

వెట్టి నడక

నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో భూమి ఎవరి చేతుల ఉండెనో అందరికీ తెలిసిందే. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షా యాభై వేల ఎకరాలు ఉండెనని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తన పుస్తకంలో రాసిండు. అదే పుస్తకంలో వెట్టి గురించి కూడా ఉన్నది. ప్రతి దళిత కుటుంబం ఇంటికి ఒక మనిషిని వెట్టికి పంపాలె. ఆ మనిషి పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్ ఇండ్లల్ల పని చెయ్యాలె. చావడి కాడ కావలి ఉండాలె. ఠాణాకు, తాలూకా కచ్చేరికి కాగితాలు మోసుకపోవాలె. అధికారి ఊరికొస్తే సామాను నెత్తికెత్తుకొని తర్వాతి ఊరిదాక దింపి రావాలె. చెప్పులు కుట్టే వాళ్ళు దొర ఇంటికి చెప్పులు, వ్యవసాయానికి మోటబొక్కెనలు, పలుపులు ఉత్తగనే ఇయ్యాలె.

ఈ పనుల జాబితాను ఒకసారి మళ్ళ చదివితే ఒక విషయం తేలుతుంది. వెట్టిలో ఎక్కువ భాగం నడకనే. మనం వెట్టిని పొలంలో చేసిన చాకిరీగానే ఊహించుకుంటం. కాని సర్కారు రాజ్యం ఊరూరికీ చేరింది మాల, మాదిగల కాళ్ళ మీదనే. టపా వాళ్ళ కాళ్ళ మీద పోయింది, హుకుం వాళ్ళ కాళ్ళ మీద వచ్చింది. తమకు అక్షరం రాదు, చేతిలో ఉన్న కాగితంలో తమ మీదనే ఫిర్యాదు ఉన్నా తెలువదు. అయినా ఎండకు వానకు ఆగకుండ చేరవెయ్యాలె. రాజ్యం అంటే కోట, కొలువు, తుపాకి అని చదువుకున్నం. రాజ్యం అంటే ఒక వెట్టి మనిషి అరికాలు అని ఎవరూ చెప్పలే.

వెట్టి మీద నిజాం రాష్ట్రంలో మొదట మాట్లాడింది ఆంధ్ర జన సంఘం. అది 1921లో పుట్టింది. 1930 నుంచి ఆంధ్ర మహాసభ ఊరూరా సభలు పెట్టింది. 1941లో కోదాడ దగ్గరి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభ నుంచి దాని నడక మారింది. 1944 భువనగిరి సభ తర్వాత ఊర్లల్ల సంఘాలు లేచినయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిండు. ఆ ఏండ్లల్లనే నల్లగొండ ఊర్లల్ల వెట్టి ఆగిపోయింది. ఈ చరిత్రను భూమి కోసం పోరాటంగా రాసిండ్రు, అది నిజమే. కాని వాడ కండ్లతోని చూస్తే అందులో మొదటి గెలుపు ఎకరం కాదు. "ఇగ నేను ఆ కాగితం తీసుకపోను" అని ఒక మనిషి కదలకుండా నిలబడుడు. నడవనని చెప్పుడు కూడా పోరాటమే.

చెప్పు

యాత్రికుడు చెప్పులు ఇడిచి నడుస్తడు. మొక్కు మొక్కిన వాడికి అది పుణ్యం. మన వాడల ఇదే పని ఎన్కట శిక్ష. ఊరందరికీ కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చిన మాదిగోడు దొర గడి ముందర తన చెప్పులు చేత పట్టుకొని నడవాలె. తోలు ఊనింది వాడు, కుట్టింది వాడు, తొడుక్కునే హక్కు మాత్రం వాడికి లేదు. అందుకే ఉత్త కాళ్ళ నడకను అందరికీ ఒకే అర్థమున్న భక్తి చిహ్నంగా చెప్పడానికి వీల్లేదు. ఇడిచే హక్కు ఉండాలంటే ముందు తొడుక్కునే హక్కు ఉండాలె. తొడుక్కునే హక్కు వచ్చిన తర్వాతనే దళితుడి ఉత్త కాళ్ళ నడక మొక్కు అయింది. అంతకు ముందు అది హుకుం.

ఇది పాతకాలపు ముచ్చట అనుకునే వాళ్ళు 2015లో పార్లమెంటు సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చదవాలె. 1989 చట్టానికి చేసిన ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలాలలో చెప్పులు తొడుక్కోకుండా, కొత్త బట్టలు కట్టకుండా, సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా దళితులను అడ్డుకుంటే నేరమని అందులో పేరుపెట్టి రాసిండ్రు. గుడిలోకి పోకుండా, జాతరలతో సహా మతపరమైన ఊరేగింపులలో పాల్గొనకుండా అడ్డుకున్నా నేరమే. 21వ శతాబ్దపు చట్టంలో చెప్పు అనే మాట, జాతర అనే మాట రాయాల్సిన అవసరం వచ్చిందంటేనే చరిత్ర ఇంకా ముగియలేదని అర్థం.

ఒక దినం నడక

మాఘమాసంలో చెర్వుగట్టు బ్రహ్మోత్సవాలు జరుగుతయి. అగ్నిగుండాలు తొక్కుతరు. ఉత్సవాలు లేని నెలల్ల కూడా అమావాస్యకు జనం మస్తుగ వస్తరు, రాత్రి గట్టు మీదనే పండుకుంటరు. మిర్యాలగూడ దిక్కు నుంచి నడిచివచ్చే వాళ్ళతో కలిసి మాడుగులపల్లి నుంచి ఒక పగలు, కొంత రాత్రి నడిచిన. ఈ నడకలో చూసినవి, విన్నవి కొన్ని ఇక్కడ పెడుతున్న.

తెల్లారక ముందే బయలెల్లినం. గుంపులో యాదవులు, గౌండ్లోళ్ళు, చాకలోళ్ళు, మాదిగోళ్ళు, మాలలు ఉన్నరు. ఆడోళ్ళే ఎక్కువ. ముందు నడిచే వాళ్ళు "హర హర" అంటే ఎనక వాళ్ళు అందుకుంటున్నరు. చీకట్ల ఎవరు ఏ కులమో తెలువదు. ఎవరి సంచి బరువైతే వాళ్ళ సంచి ఇంకొకరు అందుకున్నరు. ఒక పిల్లగానికి కాలు బొబ్బ ఎక్కితే ముగ్గురు ముగ్గురు మార్చుకుంట ఎత్తుకున్నరు. వేములపల్లి దిక్కు సాగర్ ఎడమ కాలువ కింది వరి మళ్ళు ఎనకబడ్డయి. లారీలు పక్కపొంటి పోతుంటే గాలికి చీర కొంగులు లేస్తున్నయి.

తిప్పర్తి దారిలో ఒక మాదిగ పెద్దమ్మ నా పక్కన నడిచింది. డెబ్బై ఏండ్లు దాటినట్టుంది. "ఎన్నోసారి నడుసుడు పెద్దమ్మా?" అంటే, "నేను నడుసుడు ఏడోసారి బిడ్డా. మా తాత ఎన్నిసార్లు నడిసిండో లెక్క లేదు" అన్నది.

"ఆయన కూడా మొక్కు మీదనే నడిచిండా?"

"మొక్కా పాడా! పటేలు కాయితం ఇస్తే నల్లగొండకు. పొద్దుగూకే ఆళ్ళకు మళ్ళ ఊర్లె ఉండాలె. గట్టు దాకా పోయే తీరిక ఏడిది? దూరంకెల్లి దండం పెట్టుకునేటోడంట."

ఆమె నవ్వుకుంట చెప్పింది. కాని ఆ మాటలో ఒక తరం చరిత్ర ఉన్నది. అదే బాట, అదే ఎండ. తాతకు అది వెట్టి, మనుమరాలికి మొక్కు. తాతను ఎవరో పంపిండ్రు. ఆమె తనంత తాను పోతున్నది. మనకు స్వాతంత్ర్యం అంటే ఏమిటో చెప్పమంటే నేను ఈ తేడా చూపిస్త.

పొద్దు నడినెత్తికి వచ్చినంక చెట్ల కింద ఆగినం. అప్పుడు చీకటి కప్పిపెట్టింది వెలుగులో బయటపడ్డది. సద్ది మూటలు ఇప్పిండ్రు. నాలుగు చెట్ల కింద నాలుగు గుంపులైనయి. ఎవరూ ఎవరినీ పక్కకు పొమ్మనలే. ఒకరి తొక్కు ఇంకొకరు అడిగి వేసుకున్నరు కూడా. అయితే తొక్కు ఒక దిక్కు నుంచే నడిచింది. యాదవుల మూటలోది మాదిగల ఆకులోకి వచ్చింది. మాదిగల మూటలోది అటు పోలే. "గట్లెందుకు కూసున్నరు పెద్దమ్మా, ఎవరన్న అన్నరా?" అని అడిగిన. "ఎవలంటరు బిడ్డా. కాళ్ళే ఇటు వచ్చినయి" అన్నది.

కాళ్ళే ఇటు వచ్చినయి అనే మాట గురించి మనం ఆలోచించాలె. చట్టం నిషేధాన్ని పట్టుకోగలదు. నిషేధం లేకుండానే పక్కకు పోయే కాళ్ళను చట్టం పట్టుకోలేదు. తరతరాల నడక కాళ్ళకు నేర్పిన చదువు అది. ఈ చదువును మరిపించుడు అటు చెట్టు కింద కూసున్న వాళ్ళ పని కూడా. వాళ్ళు లేచి ఇటు వచ్చి ఆకు చాపి అడిగిన రోజు ఈ చదువు సగం మరుపుకొస్తది.

ఇరావతి కర్వే పండరిపురం యాత్రలో పాలకీ వెంట నడిచి రాసిన వ్యాసం 1962లో ఇంగ్లీషులో అచ్చయింది. ఆమె బ్రాహ్మణ ఇంటి మనిషి, పేరున్న మానవశాస్త్రవేత్త. కలిసి నడిచి కలిసి పాడే వాళ్ళు తినేటప్పుడు బ్రాహ్మణులు వేరుగా, మరాఠాలు వేరుగా కూర్చోవడం చూసి బాధపడ్డది. మరాఠాకూ బ్రాహ్మణునికీ నడుమనే అంత దూరం ఉంటే ఇక మహర్ల సంగతి చెప్పేదేమున్నది? యాత్ర కులాన్ని మరిపిస్తదని చెప్పే సామాజిక శాస్త్రజ్ఞులు నడిచే గంటలు లెక్కపెట్టిండ్రు, తినే గంటను లెక్కపెట్టలేదు.

స్థలపురాణంలో లేనిది

సాయంత్రానికి పానగల్లు దిక్కు చేరినం. పానగల్లు కందూరు చోడుల కాలంలో పేరున్న పట్నం. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం అక్కడనే ఉన్నయి. ఉదయ సముద్రం అనే పెద్ద చెరువు ఉన్నది. చెరువుకు రాజు పేరు ఉన్నది. కట్ట పోసిన వాళ్ళ పేరు లేదు. శాసనం వేయించినవాడికే చరిత్రలో చోటు అనే పద్ధతికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

చెర్వుగట్టు స్థలపురాణం ప్రకారం లింగాన్ని ప్రతిష్ఠించింది పరశురాముడు. క్షత్రియులను చంపిన పాపం పోగొట్టుకోడానికి ఊరూరా లింగాలు నిలిపి, ఇక్కడ చివరిది నిలిపి తపస్సు చేసిండంటరు. గట్టు పైన మూడు గుండ్ల సందులోంచి దూరి పోయి దండం పెట్టుకోవడం భక్తుల ఆనవాయితీ. ఈ కథ అందరికీ తెలుసు. పరశురాముని కథకు ఇంకొక సగం ఉన్నది, అది వాడలో ఉన్నది. తండ్రి జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరికిండు. ఆ రేణుకనే ఎల్లమ్మ. కొడుకు గొడ్డలికి భయపడి ఆమె ఉరికి దాక్కున్నది ఒక మాతంగి ఇంట్ల, అంటే మాదిగ ఇంట్ల. అడ్డమొచ్చిన మాతంగి తల కూడా తెగింది. మళ్ళ బతికించేటప్పుడు తలలు, మొండాలు మారిపోయినయి. బైండ్లోళ్ళు జమిడిక కొట్టుకుంట రాత్రంతా ఈ కథ చెప్తరు. బైండ్లోళ్ళు దళితులకు పూజారులు, వాళ్ళూ దళితులే.

గట్టు మీద చెప్పే కథలో పరశురాముడు చేసిన పాపం క్షత్రియ హత్య. వాడలో చెప్పే కథలో అతని పాపం తల్లి హత్య, ఆశ్రయమిచ్చిన మాదిగ స్త్రీ హత్య. మొదటి కథకు ప్రాయశ్చిత్తం ఉన్నది, లింగం ఉన్నది, ఉత్సవం ఉన్నది. రెండో కథలో చంపబడ్డ స్త్రీలే దేవతలైండ్రు. పరశురాముని లింగానికి మొక్కుతూ నడిచే మాదిగ ఆడమనిషి ఇంటికాడ ఎల్లమ్మకు కూడా బోనం పెడుతది. ఇది అమాయకత్వమని కొందరు అనవచ్చు. నేను అట్ల అనుకోను. రెండు కథలనూ మోసే శక్తి ఆమెకే ఉన్నది. పూజారి ఒక్క కథనే మోస్తడు.

డప్పు సంగతి కూడా చెప్పాలె. మన దిక్కున డప్పు లేకుండా జాతర కదలదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేండ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర చూసినా, ఊరి ముత్యాలమ్మ పండుగ చూసినా ముందు వినిపించేది డప్పే. దేవునికి దారి చూపే చప్పుడు మాదిగోడిది. ముందు నడిచే వాడికి లోపల చోటెక్కడ అని మాత్రం అడగవద్దంటరు. దీనికి పోలిక చూడాలంటే జాన్‌పహాడ్ పోవాలె. పాలకీడు మండలంలోని ఆ సైదులు దర్గాకు జనవరిలో ఉర్సు జరుగుతది. హిందువులు, ముస్లింలు, లంబాడాలు, దళితులు అందరూ పోతరు. అక్కడ మొక్కుకు కులం పత్రం అడిగే పురోహితుడు నడుమ లేడు. మన జిల్లా దళితులకు దర్గాల మీద ఉన్న ప్రేమకు ఈ కారణం చిన్నది కాదు.

దక్షిణపు కొస

ఇదే రోడ్డు వాడపల్లి కాడ కృష్ణ దాటి పల్నాడుకు పోతది. పల్నాడులో కారంపూడి ఉన్నది. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం జరిగింది అక్కడనే. ఏటా కార్తీకంలో అక్కడ వీరారాధన ఉత్సవాలు జరుగుతయి. వీరుల వంశం వాళ్ళమని చెప్పుకునే వీరాచారవంతులు తమ ఆయుధాలు పట్టుకొని ఊర్ల నుంచి వస్తరు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళను ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిండని, మాల కన్నమదాసును కొడుకుగా చూసి సేనలో పెద్దచోటు ఇచ్చిండని కథ. శ్రీనాథుని పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించిండు. అప్పటి నుంచి చాపకూడు తెలుగువాళ్ళ సంఘ సంస్కరణకు మొదటి గుర్తు అయింది.

పుస్తకం శ్రీనాథునిది. మరి కథను ఇన్ని వందల ఏండ్లు నోట బతికించింది ఎవరు? వీరవిద్యావంతులు. వాళ్ళు మాలలు. జీన్ రోగైర్ అనే అమెరికా పరిశోధకుడు 1982లో ఇంగ్లీషులో అచ్చు వేసిన పల్నాటి వీరుల కథ అలిసెట్టి గాలెయ్య అనే మాల గాయకుడు పాడినది. చాప వేసినవాడిగా బ్రహ్మనాయుడు చరిత్రకెక్కిండు. ఆ చాపను తరతరాలు మోసుకొచ్చిన గాయకుల పేర్లు మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

ఇంకొక మాట. చాపకూడు యుద్ధానికి ముందు తిన్న కూడు. సైన్యానికి ఐక్యత కావాలె, అందుకు చాప పరిచిండ్రు. యుద్ధం అయినంక చాప చుట్టిండ్రు. యాత్ర కూడా అట్లాంటిదే. నడిచినంతసేపు సమానం, ఇల్లు చేరినంక చెప్పులు యథాస్థానం. తాత్కాలిక సమానత్వాన్ని నేను కొట్టిపారెయ్యను. ఒక్క పూట కలిసి తిన్న జ్ఞాపకం కూడా కులానికి ప్రమాదమే, అందుకే ఎనిమిది వందల ఏండ్లయినా ఆ కథ చావలేదు. కాని చాప ఎవరు పరుస్తరు, ఎవరు చుడతరు అనే అధికారం ఎవరి చేతుల ఉన్నదో అడగకుండా చాపకూడును పొగడడం పనికిరాదు.

దిక్కు మార్చుకున్న నడక

అంబేద్కర్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. పండరిపురంలో 14వ శతాబ్దపు మహర్ భక్తకవి చోఖామేళా సమాధి గుడి మెట్ల కాడ, వాకిలి బయటనే ఉన్నది. ఆ గుడి తలుపులు దళితులకు తెరుచుకున్నది సానే గురూజీ 1947 మేలో నిరాహార దీక్ష చేసినంకనే. తన భార్య రమాబాయి పండరిపురం పోవాలని ఆశపడితే, లోపలికి రానియ్యని ఆ పండరి మనకెందుకు, మనం వేరే పండరి కట్టుకుందాం అని అంబేద్కర్ అన్నట్టు ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు చెప్తరు. అదే అంబేద్కర్ అంటరానివారి పుట్టుక గురించి 1948లో వేసిన పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితమిచ్చిండు. యాత్రను నిరాకరించిండు, యాత్రికుణ్ణి నిరాకరించలేదు. ఈ తేడాను మన ఉద్యమాలు పట్టుకోవాలె.

నడకను ఆయుధంగా మార్చింది కూడా ఆ తరమే. కేరళలో వైకోం సత్యాగ్రహం 1924 మార్చి 30న మొదలైంది. గుడిలోకి పోవడానికి కాదు, గుడి చుట్టున్న రోడ్ల మీద నడవడానికి. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వెంట వేల మంది చవదార్ చెరువు దాకా నడిచి నీళ్ళు తాగిండ్రు. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి సత్యాగ్రహం మొదలైంది. ఏండ్ల తరబడి తలుపు తెరవకపోతే 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా చావనని అంబేద్కర్ ప్రకటించిండు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నడు. ఆనాటి నుంచి దళితులకు తమదైన యాత్రాస్థలం ఒకటి ఏర్పడ్డది. అక్కడ నడిచి చేరిన వాణ్ణి గడప బయట ఆపేవాడు లేడు.

మన రోడ్డు కొస అద్దంకి. అక్కడి నుంచి తూర్పున సముద్రం దిక్కు పోతే చీరాల, దాని పక్కన కారంచేడు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపితే బతికినవాళ్ళు ఊరు ఇడిచి చీరాలకు చేరిండ్రు. తిరిగి ఆ ఊరికి పోయేది లేదని అక్కడనే నిలబడ్డరు. ఆ ఏడాదే సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. ఊరి దిక్కు వీపు తిప్పిన ఆ నడకనే ఆంధ్రదేశంలో కొత్త దళిత చరిత్రకు మొదలు. చెర్వుగట్టుకు పోయే నడక, కారంచేడు నుంచి వచ్చిన నడక ఒకటి కాదు. అయినా రెంటిలోనూ నడిచింది వెట్టి మనుషుల మనుమలూ మనుమరాండ్లే. ఒక నడక సంఘం లోపల చోటు అడిగింది. ఇంకొకటి ఆ చోటు మీద ఆశ ఇడిచి తన చోటు తాను కట్టుకున్నది.

మనం చెయ్యాల్సింది

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 15వ అధికరణం రోడ్లు, బావులు, స్నానఘట్టాలు అందరివీ అన్నది. 1955 చట్టం గుడి తలుపులకు తాళం వేసేవాణ్ణి నేరస్థుణ్ణి చేసింది. ఇవన్నీ కాగితాల మీద ఉన్నయి. ఎన్కట కాగితాలను మన తాతలే మోసిండ్రు, అందులో ఏముందో తెలియకుండా. ఇప్పటి కాగితంలో ఏముందో మనకు తెలుసు. అది తేడా.

పరిశోధకులు చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉన్నది. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల వాడలల్ల వెట్టి మీద నడిచిన వాళ్ళ పిల్లలు, మనుమలు ఇంకా ఉన్నరు. వాళ్ళ నాయన ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిచిండో, ఏ బావి కాడ నీళ్ళు పోసిండ్రో, ఏ బావి కాడ పొయ్యలేదో, ఏ చెట్టు కింద ఆగనిచ్చిండ్రో వాళ్ళకు యాది ఉన్నది. గుళ్ళ చరిత్రలో దాతల పట్టికలు ఉన్నయి. ఈ రోడ్ల మీద నడిచిన వాళ్ళ పట్టిక ఎక్కడా లేదు. దాన్ని రాసుడు మొదలు పెట్టాలె. బైండ్లోళ్ళ నోట ఉన్న ఎల్లమ్మ కథను గట్టు స్థలపురాణం పక్కన పెట్టి అచ్చు వెయ్యాలె. ఆ పెద్దమ్మ వయసు వాళ్ళు పోతే ఆ రోడ్డు మీద టోల్‌గేటు లెక్కలు మిగుల్తయి, నడిచిన వాళ్ళ లెక్క మిగలదు.